పొద్దున్నే పల్స్ 52 నుంచి 60కి పెరిగింది, పాపకు రెస్ట్ ఇవ్వాలా?

అనంతపురం_నాన్న

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా అమ్మాయికి 17 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు ఈమధ్యే అయిపోయాయి. 1500 మీటర్లు పరుగెత్తుతుంది, అప్పుడప్పుడు 3000 కూడా. నాకు ఆటల్లో ఏ అనుభవమూ లేదు, హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటాను. పొద్దున్నే గ్రౌండ్ దగ్గర దింపేది, స్టాప్‌వాచ్ పట్టుకునేది నేనే కాబట్టి వినగా వినగా కొంత ఒంటబట్టింది, అంతే.

నిరుడు జూన్‌లో కోచ్ గారు పిల్లలందరి చేతా ఒక నోటుబుక్కు పెట్టించారు. లేవగానే, మంచం దిగకముందే పల్స్ చూసి రాయాలని. మా దగ్గర స్మార్ట్‌వాచ్ లాంటివి లేవు. నేనే పాప మణికట్టు పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి రాస్తాను. మొదట్లో 68, 64 అలా ఉండేది. దసరా దాటాక 60, 56కి వచ్చింది, సంక్రాంతి నాటికి 52, ఒకట్రెండు సార్లు 48 కూడా పడింది. గుండె బలపడుతోంది, మంచిదే అన్నారు కోచ్. మాకూ సంతోషమే.

ఏప్రిల్ నుంచి వారానికి రెండుసార్లు ఉన్న ఇంటర్వెల్స్ మూడుసార్లకి పెంచారు. 400 మీటర్లవి పది, మధ్యలో నిమిషంన్నర గ్యాప్. ఇప్పుడు కొన్నాళ్లుగా పల్స్ 60 దగ్గరే ఉంటోంది, మొన్న ఒకరోజు 64 కూడా చూశాను. టైమింగ్ కూడా పడిపోయింది, ఫిబ్రవరిలో 1500 మీటర్లు 5:02లో చేసిన పిల్ల పోయిన ఆదివారం ట్రయల్‌లో 5:11 చేసింది. కాళ్లు బరువుగా ఉన్నాయి నాన్నా అంటోంది.

పల్స్ మామూలుకంటే 5 పెరిగితే ఆరోజు రెస్ట్ ఇవ్వాలని ఎక్కడో చదివాను. కోచ్‌ని అడిగితే "60 అంటే మనబోటి వాళ్లకంటే తక్కువే కదండీ, మీరు టెన్షన్ పడి పిల్లని కూడా భయపెట్టకండి" అన్నారు. ఆయన్ని కాదని చెప్పేంత తెలివి నాకు లేదు. జూన్ చివర్లో సెలెక్షన్స్ ఉన్నాయి. ఈ 5 రూలు నిజమేనా? 60 అంటే దిగులు పడాలా? ఆపితే ఎన్నాళ్లు ఆపాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కేబీఆర్_రౌండ్లు

సార్, నేను ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి రెడీ అవుతున్నవాణ్ని, కోచ్‌ని కాదు, ముందే చెప్తున్నా. మా గ్రూపులో అందరూ పల్స్ చూసుకునేవాళ్లే. 5 రూలు చాలామంది పాటిస్తారు. నాకైతే జ్వరం బయటపడే ముందు రోజే వాచీలో 6, 7 పెరిగి కనిపిస్తుంది, రాత్రి పెళ్లి భోజనం లాగించి పదకొండింటికి పడుకున్నా అంతే పెరుగుతుంది, ఇంక రెండు పెగ్గులు పడ్డ రోజు సంగతి చెప్పక్కర్లేదు.

60 తక్కువే కదా అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. పెద్దవాళ్లకు 60 నుంచి 100 దాకా నార్మల్ అని డాక్టర్లు చెప్పేది రోగం ఉందా లేదా అని చూడటానికి. పరుగెత్తే పిల్లకి తన 52తో పోల్చాలి గానీ పక్కింటి అంకుల్ 78తో కాదు.

ఒక వాచీ కొనిచ్చేయండి, మీకు ఈ వేళ్ల లెక్క బాధ తప్పుతుంది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్క కడుతుంది. గార్మిన్ అయితే 24 గంటల్లో అన్నిటికంటే తక్కువగా ఉన్న ఒక అరగంట సగటు తీసుకుంటుంది, అది దాదాపు ఎప్పుడూ నిద్రలోనే వస్తుంది. మీరు లేచాక చూసే అంకెకంటే అది తక్కువ ఉంటుంది. పాత పుస్తకంలో అంకెలతో దాన్ని కలిపారంటే పాప ఒక్క రాత్రిలో ఫిట్ అయిపోయినట్టు కనిపిస్తుంది!

రిటైర్డ్_పీఈటీ

నాన్నగారూ, ముందు మీ పోస్టులో అంకెలు ఇంకోసారి చూసుకోండి. 68, 64, 60, 56, 52, 48. అన్నీ నాలుగో ఎక్కంలోవే. మీరు 15 సెకన్లే లెక్కపెడుతున్నారు కాబట్టి 54, 57, 61 మీ పుస్తకంలోకి వచ్చే దారే లేదు. ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నాలుగు మారిపోతుంది. రెండు దెబ్బలు తేడా వస్తే ఎనిమిది, అదే మీ 52కీ 60కీ మధ్య ఉన్న తేడా మొత్తం. అలాగని పెరగలేదు అనడం లేదు, రోజూ అటే మొగ్గుతోందంటే ఏదో ఉంది. కానీ 5 రూలు పెట్టుకుని నాలుగేసి చొప్పున కొలిస్తే ఆ రూలు ఏం పనిచేస్తుంది చెప్పండి.

పూర్తి నిమిషం లెక్కపెట్టండి. చూపుడు వేలు, మధ్య వేలు కలిపి బొటనవేలి కింద మణికట్టు మీద ఆనించాలి. బొటనవేలితో పట్టుకోవద్దు, దానిలో కొట్టుకునే నాడి కూడా తెలిసి లెక్క తప్పుతుంది. స్టాప్‌వాచ్ నొక్కిన క్షణంలో పడే దెబ్బని సున్నా అనుకుని తర్వాతి దాన్ని ఒకటి అనాలి, చాలామంది ఒకటితో మొదలుపెడతారు, 15 సెకన్ల లెక్కలో దానివల్లే నాలుగు ఎక్కువ వస్తుంది. అలారం గట్టిగా మోగి ఉలిక్కిపడి లేస్తే పల్స్ ఎగురుతుంది, అలాంటప్పుడు రెండు నిమిషాలు కదలకుండా పడుకుని అప్పుడు చూడాలి. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి మళ్లీ పడుకుని చూస్తారో, వెళ్లకముందు చూస్తారో మీ ఇష్టం, ఏదైనా సరే రోజూ అలాగే చెయ్యండి. మీరు పక్కన కూర్చుని మొహం చిట్లించి చూస్తుంటే కూడా పెరుగుతుంది సుమా. నా సర్వీసులో నేను చేయి పట్టుకుంటే 70, వాళ్లంతట వాళ్లు చూసుకుంటే 60 వచ్చే పిల్లలు ఎందరో.

రెండోది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో రాత్రి కూడా గోడలు కాగిపోయి ఉంటాయి. చెమటతో నీళ్లు పోయి రక్తం పరిమాణం కొంచెం తగ్గితే, ఒక్కో దెబ్బకి గుండె తోసే రక్తం తగ్గుతుంది, అందుకని ఎక్కువసార్లు కొట్టుకోవాలి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత పల్స్ మళ్లీ కొంత దిగుతుంది. మీ సంక్రాంతి 52ని తెచ్చి మే నెల 60 పక్కన పెడితే సగం తేడా వాతావరణానిదే కావచ్చు. మేడ మీద పడుకుంటున్నారా, ఇంట్లోనా? కరెంటు పోయి నిద్ర చెడిందా? అంకె పక్కన ఇవి కూడా రాయాలి.

ఇక మీ కోచ్ గారి గురించి. నోటుబుక్కు పెట్టించారంటేనే శ్రద్ధ ఉన్న మనిషని అర్థం. ఆయనకి "పల్స్ 60 వచ్చింది" అని చెబితే కొట్టిపారేస్తారు, నేనైనా అంతే. అదే "పల్స్ పెరిగింది, కాళ్లు బరువు అంటోంది, టైమింగ్ తొమ్మిది సెకన్లు పడింది, ఇంటర్వెల్స్ మూడు చేశాకే ఇదంతా" అని నాలుగూ కలిపి చెప్పి చూడండి, వింటారు. తొమ్మిది సెకన్లు తక్కువేం కాదు, ఆ పిల్ల స్పీడులో యాభై మీటర్ల దూరం దాకా ఉంటుంది.

ఇంకొకటి రాయించండి. వర్కౌట్ అయిన అరగంటకి, ఇవాళ ఎంత కష్టమనిపించిందో సున్నా నుంచి పది మధ్యలో పాపనే ఒక అంకె చెప్పమనండి, దాన్ని నిమిషాలతో హెచ్చవేయండి. గంట వర్కౌట్, కష్టం 6 అంటే 360. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు కార్ల్ ఫాస్టర్ అనే అమెరికన్. పైసా ఖర్చు లేదు. వారం మొత్తం కూడితే ఇంటర్వెల్స్ రెండు నుంచి మూడు చేసినప్పుడు భారం ఎంత పెరిగిందో కళ్లకు కనిపిస్తుంది. ప్లాన్‌లో ఈజీ అని రాసిన రోజు కూడా పాప 7 చెబుతోందంటే ఆ సంగతి పల్స్‌కంటే ముందే తెలిసిపోతుంది.

కేబీఆర్_రౌండ్లు

నాలుగో ఎక్కం 😂 నేను మూడుసార్లు చదివినా కనిపెట్టలేదు మాస్టారూ.

ఒకే_గేరు

సైకిల్ తొక్కేవాణ్ని, వైజాగ్. పల్స్ పెరిగితే అలసట, తగ్గితే ఫిట్‌నెస్ అని అందరూ గుడ్డిగా నమ్మేస్తారు గానీ అది రెండు వైపులా మోసం చేస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ తొక్కేవాళ్లని చూడండి, 21 స్టేజీలు, మూడో వారానికి వచ్చేసరికి ఎంత బలంగా తొక్కినా గుండె వేగం మొదటి వారంలోలాగా పైకి ఎక్కదు. అంకె చూస్తే భలే రిలాక్స్‌డ్‌గా ఉన్నట్టుంటుంది, మనిషి మాత్రం పీనుగులా ఉంటాడు. బాగా అలిసిపోయినవాళ్లలో రెస్టింగ్ పల్స్ కూడా మామూలుగానో, మామూలుకంటే తక్కువగానో ఉండొచ్చు. ఓవర్‌ట్రైనింగ్‌లో రెండు రకాలున్నాయని పాత యూరప్ కోచ్‌లు ఎప్పుడో చెప్పారు. ఒక రకంలో పల్స్ పెరిగి, నిద్ర పట్టక, చిరాకుగా ఉంటారు, రెండో రకంలో పల్స్ తక్కువ, నిద్ర ఎక్కువ, దేనిమీదా ఆసక్తి ఉండదు.

అందుకని నా మట్టుకు నేను పడుకున్నప్పటి అంకెకంటే పని చేస్తున్నప్పటి అంకెనే నమ్ముతాను. వారానికోసారి వార్మప్‌లోనే ఇది చేయించండి. అదే ట్రాక్, అదే టైము, ల్యాప్‌కి రెండున్నర నిమిషాల లెక్కన నాలుగు ల్యాప్‌లు, అంటే పది నిమిషాలు. ఆగగానే పల్స్, సరిగ్గా నిమిషం నిలబడ్డాక మళ్లీ పల్స్, ఎంత కష్టమనిపించిందో ఒక అంకె. పల్స్ పెరిగి, కష్టం కూడా పెరిగితే ఎండో, జలుబో, నిద్రలేమో చూసుకోవాలి. పల్స్ తగ్గి, కష్టం కూడా తగ్గితే సంబరం చేసుకోవచ్చు. పల్స్ తగ్గింది గానీ ప్రాణం పోతోంది అంటే మాత్రం అక్కడ ఆగండి, అది ఫిట్‌నెస్ కాదు. ల్యాప్ టైము మాత్రం కచ్చితంగా పాటించాలి, లేకపోతే ఈ పరీక్షకి విలువే లేదు.

ఫిన్లాండ్‌లో స్కీయింగ్ వాళ్లకి హెయిక్కి రుస్కో అనే సైంటిస్టు ఇంకో పద్ధతి పెట్టాడు, పడుకుని పల్స్ చూడటం, లేచి నిలబడి మళ్లీ చూడటం, ఆ తేడా రోజురోజుకీ ఎలా మారుతోందో గమనించడం. వాచీ లేని ఇంట్లో ఇది బాగా పనికొస్తుంది. లేవగానే కళ్లు తిరుగుతున్నాయేమో కూడా పనిలో పనిగా తెలుస్తుంది.

హెచ్ఆర్‌వీ అని, అంటే ఒక్కో గుండె దెబ్బకీ మధ్య వ్యవధి ఎంత మారుతోందో చూసే లెక్క, ఎవరైనా చెబితే ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దు. మంచిదే, నేనూ వాడతాను, కానీ దాన్ని ఏడు రోజుల సగటుగా చూడాలి, ఒక్క రోజు అంకె పట్టుకుని ఊగితే పిచ్చెక్కుతుంది. మీ ఇంట్లో ఇప్పటికే ఒక అంకెతో టెన్షన్ సరిపోయింది.

పాత_స్పైక్స్

అన్నా, నేను 800 మీటర్లు పరుగెత్తేదాన్ని, యూనివర్సిటీ లెవెల్ దాకా వెళ్లాను, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. ఇంతమంది మగవాళ్లు ఎండ, వాచీ, టూర్ డి ఫ్రాన్స్ అన్నీ మాట్లాడారు, ఒక్కరూ నెలసరి మాట ఎత్తలేదు.

ఆడపిల్లల్లో నెల మొత్తం పల్స్ ఒకేలా ఉండదు. అండం విడుదలయ్యాక, మళ్లీ నెలసరి వచ్చేదాకా ఉండే ఆ రెండు వారాలూ ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంటుంది, పల్స్ కూడా రెండు నుంచి నాలుగు దాకా ఎక్కువ ఉండటం మామూలు. నోటుబుక్కులో ఆ తేదీలు లేకుండా 5 రూలు పెడితే ప్రతి నెలా అబద్ధపు అలారం మోగుతుంది. ఆ తేదీలు నాన్న చేతిలో ఉన్న పుస్తకంలో పాప రాస్తుందా? రాయదు. నేనైతే చచ్చినా రాసేదాన్ని కాదు. అందుకని పుస్తకం పాప చేతికి ఇచ్చేయండి, పల్స్ తనే చూసుకుంటుంది, తనే రాసుకుంటుంది, వారానికోసారి వాళ్లమ్మ చూస్తుంది. మీకు కావలసింది మొత్తమ్మీద బాగుందా లేదా అన్న మాటే కదా.

అసలు భయం అది కాదు. జూన్ నుంచి సంక్రాంతి దాకా 68 నుంచి 48కి పడింది అన్నారు చూడండి, అందరూ సంతోషపడిన ఆ భాగం చదివినప్పుడే నాకు గుండె కలుక్కుమంది. ట్రైనింగ్ వల్ల తగ్గుతుంది, నిజమే. సరిపడా తినకపోయినా తగ్గుతుంది. ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటూ వస్తుంది, గుండె నిదానిస్తుంది, చేతులు చల్లబడతాయి, నెలసరి ఆగిపోతుంది. మా హాస్టల్లో బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని రాత్రి అన్నం మానేసిన అమ్మాయిలు ఉండేవాళ్లు, మొదట రెండు మూడు నెలలు టైమింగ్ వచ్చేది కూడా, తర్వాత ఒక్కొక్కరికీ కాలి ఎముకలో సన్న పగులు. నెలసరి ఆగితే "స్పోర్ట్స్ ఆడితే అంతేలే, హాయి" అని సీనియర్లు చెప్పేవాళ్లు. హాయి కాదు.

పాపకి నెలనెలా వస్తోందా అని వాళ్లమ్మని అడగమనండి. రాత్రికి ఏం తింటోందో మీరు చూడండి. పొద్దున ఖాళీ కడుపుతో ఇంటర్వెల్స్ చేస్తోందా? మీ వైపు రాగి సంగటి, చెనక్కాయల చట్నీ, గుడ్లు, ఏ కొదవా లేదు కదా.

నైట్_డ్యూటీ_డాక్టర్

పాత స్పైక్స్ గారు అడిగిన ప్రశ్నే నేనూ మొదట అడిగేదాన్ని. నెట్‌లో పోస్టు చూసి రోగం తేల్చేయలేం, అది వదిలేసి తెలిసినంత చెప్తాను.

5 రూలు సంగతి. దీని వెనక ఉన్న పాత పేపర్లలో 1985లో వచ్చింది ఒకటి బాగా పేరున్నది, హవాయిలో ఇరవై రోజుల్లో 500 కి.మీ. పరుగెత్తిన మారథాన్ రన్నర్లలో రేసు ముదిరేకొద్దీ పొద్దుటి పల్స్ సుమారు పది దాకా పెరిగింది. అక్కడి నుంచి అది కోచ్‌ల నోళ్లలో పడి రూలై కూర్చుంది. కానీ 2008లో బోస్కే, ఇంకొందరు కలిసి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో రాసింది వేరు. రెండు వారాల లోపు ఒక్కసారిగా భారం పెంచితే పొద్దుటి పల్స్ కొంచెం పెరుగుతుంది, అంతకంటే ఎక్కువ కాలం సాగిన అలసటలో ఆ పెరుగుదల నమ్మకంగా కనిపించదు, పైగా వచ్చే మార్పు ఎవరికైనా రోజువారీ ఉండే హెచ్చుతగ్గుల్లోనే కలిసిపోతుంది. 2016లో అదే జర్నల్‌లో ఇంకో సమీక్ష వచ్చింది, అలసట, నిద్ర, మూడ్ గురించి ఆటగాళ్లు తమంతట తాము చెప్పే మాటలే రక్తపరీక్షలు, హార్ట్ రేట్ లాంటి వాటికంటే శిక్షణ భారాన్ని బాగా పట్టిస్తాయని అందులో తేలింది. కాబట్టి "కాళ్లు బరువు నాన్నా" అని పాప అన్నదానికి నేను 60 కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

పల్స్ పెరగడం అంటే ట్రైనింగే కారణం అని ముందే అనుకోకండి. జ్వరంలో ఒక్కో డిగ్రీ సెంటీగ్రేడ్‌కి పల్స్ ఇంచుమించు పది పెరుగుతుంది. టైఫాయిడ్‌లో మాత్రం జ్వరానికి తగ్గట్టు పెరగకపోవచ్చు, డెంగీ తగ్గుముఖం పట్టాక బాగా తగ్గిపోవడం కూడా చూస్తుంటాం, అందుకని జ్వరం ఉన్నప్పుడు "పల్స్ బాగానే ఉంది" అని గ్రౌండ్‌కి పంపించడం ప్రమాదం. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచే అవకాశం కొద్దిగానైనా ఉంటుంది, ఒళ్లు పూర్తిగా కుదుటపడకుండా గట్టి వర్కౌట్లు వద్దు. థైరాయిడ్ ఎక్కువైతే పల్స్ పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు నేను అనుమానించేది రక్తహీనత. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది. దూరాలు పరుగెత్తే అమ్మాయికి నెలసరిలో పోయేది కాక, చెమటలో పోయేది, ప్రతి అడుగుకీ పాదాల కింద నలిగిపోయే ఎర్రకణాలు కూడా ఉంటాయి. హిమోగ్లోబిన్ 12 దాటినా లోపల ఐరన్ నిల్వ ఖాళీ అయి ఉండొచ్చు, అది ఫెరిటిన్ పరీక్షలోనే తెలుస్తుంది. వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర పాప మింగుతోందా, బ్యాగులో పడేస్తోందా అడగండి, నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పడేస్తారు, కడుపులో తిప్పుతుందని. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉంటే తీసేయండి, అది ఐరన్‌ని ఒంట్లోకి పోనివ్వదు. పరీక్ష చేయించకుండా మెడికల్ షాపులో ఐరన్ టానిక్ కొని పోయొద్దు.

తినేది చాలక పల్స్, నెలసరి, ఎముక అన్నీ దెబ్బతినే ఈ పరిస్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగపిల్లలకీ వస్తుంది. 48 పల్స్ ఉన్న అమ్మాయి చక్కగా తింటూ, నెలసరి సక్రమంగా వస్తూ, టైమింగ్ మెరుగవుతుంటే దిగులక్కర్లేదు. అదే 48, నెలసరి లేకుండా ఉంటే కథ వేరు.

ఎన్నాళ్లు ఆపాలి అన్నారు. ఒక వారం భారం బాగా తగ్గిస్తే తేరుకుందంటే అది మామూలు శిక్షణ అలసటే, దానివల్ల మేలు కూడా జరుగుతుంది. రెండు మూడు వారాలు తగ్గించినా టైమింగ్ తిరిగి రాకపోతే అప్పుడు లోతుగా వెతకాలి. నెలల తరబడి లేవని అసలైన ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ చాలా అరుదు, మిగతా కారణాలన్నీ కొట్టేశాక మిగిలినదానికే ఆ పేరు పెట్టాలి. పరుగెత్తుతుండగా ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె ఉన్నట్టుండి దడదడలాడటం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉండటం, వీటిలో ఏది ఉన్నా పల్స్ పుస్తకం పక్కన పడేసి ముందు ఈసీజీ, గుండె డాక్టరు.

అనంతపురం_నాన్న

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. కాస్త ఆలస్యంగా వచ్చాను, ఏమైందో చెప్తాను.

మాస్టారు చెప్పినట్టు పూర్తి నిమిషం పెట్టాం, పాపే చూసుకుంటోంది. 57, 61, 58, 59 అలా వస్తున్నాయి. 64 ఇంక రాలేదు. మేడ మీదే పడుకుంటున్నాం, తెల్లవారుజామున రెండింటికి గానీ గాలి తగలదు, నాలుగున్నరకి లేస్తుంది, నిద్ర చాలట్లేదు అన్నమాట నిజమే.

అక్క అడిగింది మా ఆవిడ కనుక్కుంది. జనవరి తర్వాత రాలేదట. సీనియర్ అమ్మాయిలు స్పోర్ట్స్‌లో అంతే అన్నారట, అందుకని ఇంట్లో చెప్పలేదు. రాత్రిపూట కూడా రెండు చపాతీలు తిని లేచిపోతోంది, చదువుకోవాలని త్వరగా లేస్తోంది అనుకున్నాం మేం. బరువు తగ్గితే ఐదు నిమిషాల లోపు వస్తుందని ఎవరో చెప్పారట, ఎవరని నేను అడగలేదు.

కోచ్ గారికి మాస్టారు చెప్పినట్టే నాలుగూ కలిపి చెప్పాను, పుస్తకం చూపించాను. చాలాసేపు పేజీలు తిప్పారు. మూడో ఇంటర్వెల్ రోజు తీసేశారు. నెలసరి విషయం మా ఆవిడ ఫోన్‌లో చెప్పింది, ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ డాక్టర్‌కి చూపించమని ఆయనే అన్నారు. సెలెక్షన్స్ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

డాక్టర్ గారూ, సోమవారం వెళ్తున్నాం. ఎవరికి చూపించాలి, ఏ పరీక్షలు అడగాలి? పాపకి రెండు రోజులుగా జలుబు కూడా ఉంది. ఈలోపు గ్రౌండ్‌కి అసలు పంపొద్దా? ఇంట్లో కూర్చోబెడితే ఏడుస్తోంది.

పాత_స్పైక్స్

ఎవరు చెప్పారని అడగకపోవడమే మంచిదైంది అన్నా. చపాతీ మీద అన్నం పెట్టమని బలవంతం కూడా చేయొద్దు. వర్కౌట్ అయిన అరగంటలోపు ఏదో ఒకటి కడుపులో పడేలా చూడండి, అరటిపండు, గుడ్డు, పాలు, చెనక్కాయల ఉండ, ఏదైనా సరే, గ్రౌండ్ దగ్గరికే డబ్బాలో తీసుకెళ్లండి, దింపేది మీరే కదా. అక్కడ మిగతా పిల్లలతో కలిసి తింటే ఇంట్లో తిన్నదానికంటే ఎక్కువే తింటుంది.

రిటైర్డ్_పీఈటీ

సెలెక్షన్స్ ఏటా వస్తాయి, నాన్నగారూ. పిల్ల వయసు 17.

నైట్_డ్యూటీ_డాక్టర్

మూడు నెలలు దాటి రాలేదంటే గైనకాలజిస్టుకే చూపించండి. "పరుగెత్తుతుంది, వారానికి ఇన్ని కిలోమీటర్లు, రాత్రి తక్కువ తింటోంది" అని మొదటి మాటగా చెప్పండి, లేకపోతే హార్మోన్ మాత్రలు రాసి పంపించేస్తారు. వాటితో నెలసరి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ తిండి తక్కువైన సమస్య అలాగే ఉంటుంది. సీబీసీ, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి అడగండి, ఒక ఈసీజీ కూడా తీయించండి. మిగతావి ఆవిడ చూసి రాస్తారు. పాపతో ఒంటరిగా కాసేపు మాట్లాడతానంటే మీరు బయటికి రండి, అది మామూలే. మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి ఉందేమో ఇవాళే చూడండి. ఉంటే పరుగు పూర్తిగా బంద్, ఆ సంగతి కూడా అక్కడ చెప్పాలి.

ఎముక నొప్పి, జ్వరం, కళ్లు తిరగడం ఏవీ లేకపోతే, జలుబు ముక్కు వరకే ఉంటే, గ్రౌండ్‌కి పంపండి. పక్కనున్న అమ్మాయితో కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తగలిగేంత నిదానంగా ఇరవై నిమిషాలు, అంతే. రిపోర్టులు వచ్చేదాకా ఇంటర్వెల్స్ వద్దు, ట్రయల్స్ వద్దు. ఫెరిటిన్‌కి మాత్రం సోమవారం రక్తం ఇవ్వకండి, జలుబు, జ్వరం ఉన్నప్పుడు అది లేని నిల్వ ఉన్నట్టు ఎక్కువ చూపిస్తుంది. తగ్గిన రెండు వారాలకి విడిగా ఇవ్వండి.